నుంచా, వైపా

ఏమిటీ, ఏం వచ్చిందన్నావు? ఇలా తే, చూడనీ. కరెంటు ఆఫీసువాళ్ళ కాగితం. తలుపు కింద నుంచి తోసేసి పోయాడన్నమాట. సరే, ఆ బల్ల మీద పడెయ్యి. కానీ తల్లీ, దీన్ని కాగితం అను, జాబు అను, చీటీ అన్నా నాకు అభ్యంతరం లేదు. ఇందాక నువ్వన్న ఆ మాట మాత్రం ఈ ఇంట్లో అనవద్దు. దాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి లోపలికి రావడం ఇక్కడి పద్ధతి. నవ్వుతున్నావా? నవ్వు. ఇవాళ నీ ముఖాన నవ్వు కనబడ్డమే పదివేలు. మీ అమ్మ నీకు చెప్పలేదూ? చెప్పదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ మాట చెవిన పడకుండా పెరిగిన పిల్ల. బడిలో నాలుగు దిక్కులూ చెప్పమంటే తూర్పు, పడమర, దక్షిణం, ఎడమచెయ్యి అని చెప్పింది. తక్కిన పిల్లలు పడీపడీ నవ్వారు. దిక్కులు అడిగిన పంతుల్ని నేనే. నాకు నవ్వు రాలేదు.

కిటికీ దగ్గర వద్దు, ఇటు కూర్చో. అక్కడ కూర్చుంటే నీ మెడ రేవు వైపే తిరిగిపోయి ఉంటుంది. ఎదురు చూస్తే పడవ తొందరగా రాదమ్మా, మెడ నొప్పి మాత్రం తొందరగా వస్తుంది. పొద్దు వాలేలోగా వస్తానన్నాడు కదా మీ ఆయన, పొద్దు ఇంకా వాలలేదు. మధ్యాహ్నం నుంచీ పలకడం లేదంటే ఆ ఫోనుకేదో జబ్బు చేసి ఉంటుంది. నీళ్ళ మీద పనిచేసేవాడి ఫోను ఎన్నాళ్ళు బాగుంటుంది? ఏమిటో, ఆ ఉద్యోగం మొదట్లో నాకు అంతుపట్టలేదు. పసుపు డబ్బాలు సముద్రంలో వదలడం, పొడుగాటి తాడుకు ఏవో యంత్రాలు కట్టి లోతుకు దించడం, నీరు ఏ పక్కకు పోతోందో చూసి రావడం. 'అదేం పని నాయనా, పిల్లలు కాగితప్పడవలు వదిలినట్టు' అన్నాను, నిన్ను అడగడానికి వచ్చిన రోజున. అతనేమో చాలా మర్యాదగా, 'తాతగారూ, ఏ కాలపు గాలికి ఒడ్డు దగ్గరి నీరు ఎటు నడుస్తుందో తెలిస్తే, తప్పిపోయిన పడవను ఎక్కడ వెతకాలో తెలుస్తుంది' అన్నాడు. ఆ మాట విని నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను, జ్ఞాపకం ఉందా? తాతయ్యకు అబ్బాయి నచ్చలేదని నువ్వు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నచ్చకపోవడం కాదు తల్లీ. మా అక్క, అదే మీ అమ్మమ్మ, బతికి ఉంటే ఆ పిల్లవాడి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేది. ఆ ఏడుపు నాకు వచ్చింది. అందుకని లోపలికి పోయాను.

మీ అమ్మమ్మను నువ్వెరగవు. రేవులో ఆమెను ఏమని పిలిచేవారో తెలుసా? నుంచా-వైపమ్మ. అవును, ఆ పేరు నువ్వూ విన్నావు కదా, అదేదో ఇంటిపేరనుకున్నావా? చెబుతాను. అది చెప్పాలంటే మీ తాతను చెప్పాలి, మీ తాతను చెప్పాలంటే గాలిని చెప్పాలి. మా బావ పడవ మనిషి. పడవ మనుషులంటే మూతి ముడుచుకుని ఉంటారనుకుంటారు, ఆయన నోరు తెరిస్తే పరిహాసం. ఒకసారి నన్ను రేవు చివర సముద్రానికి ఎదురుగా నిలబెట్టి సముద్రం గురించి పాఠం చెప్పాడు. 'బావమరదీ, నువ్వు పిల్లకాయలకు పద్యాలు చెబుతావు, ఈ పద్యం కూడా నేర్చుకో. ఒడ్డు నుంచి కొంత దూరం దాకా సముద్రం అడుగున అరుగు ఉంటుంది, మీ ఇంటి ముందు అరుగు లాగే. ఆ అరుగు అంచు దాటితే ఒక్కసారిగా పాతాళం. అరుగు మీద నీరు పలచన, అందుకని గాలి మాట వింటుంది. దక్షిణపు గాలి నెలల తరబడి తోస్తే అరుగు మీది నీళ్ళన్నీ ఎడమచేతి వైపు నడుస్తాయి. పైనీరు కాస్త లోపలికి జరిగిపోయి, అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. కాలు పెడితే జివ్వుమంటుంది. చేపకు పండగ. తరవాత కాలం తిరిగి ఎదుటి గాలి వస్తుంది. అప్పుడు నీరు కుడిచేతి వైపు నడుస్తుంది, వెచ్చబడుతుంది, ఒడ్డుకు ఒరుసుకుంటుంది.' బాగానే ఉంది, గాలి తిరగ్గానే నీరూ తిరుగుతుందన్నమాట, అన్నాను. పెద్దగా నవ్వాడు. 'అక్కడే పప్పులో కాలేశావు. గాలి కొత్తకోడలు బావమరదీ, నీరు అత్తగారు. కోడలు గుమ్మంలో అడుగు పెట్టినంతమాత్రాన మర్నాడే వంటింటి పద్ధతి మారుతుందా? కొన్నాళ్ళు అత్తగారి పెత్తనమే నడుస్తుంది. కోడలు పైపైన గిన్నెలు చప్పుడు చేస్తుంది, అంతే.' అక్క పక్కనే ఉంది. 'మీ అమ్మగారు వింటే తెలుస్తుంది' అని కొంగుతో నోరు మూసుకుంది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

ఆ తెర కదిలిందా? ఏ కిటికీది? లేదులే, నాకు అనిపించింది. నువ్వు ఆ టీ తాగు, చల్లారిపోతుంది.

ఇక ఆ మాట సంగతి. ఒక్కసారికి అంటాను, అనకపోతే కథ నడవదు. ఉత్తరం. చూడు, ఎంత చిన్న మాట, కడుపులో ఎన్ని అర్థాలు. ఉత్తరమంటే దిక్కు. ఉత్తరమంటే జాబు. ప్రశ్నకు బదులూ ఉత్తరమే. తరవాత వచ్చేదీ ఉత్తరమే. నానార్థాలున్న పదం కనబడితే మా బోటివాళ్ళకు విందుభోజనం. శ్లేష చేసి మురిసిపోతాం. కానీ రేవులో ఆ మాటకు ఇంకో రెండు అర్థాలుండేవి, నిఘంటువుల్లో లేనివి. పడవ మనుషులు గాలికి పేరు పెట్టేటప్పుడు అది ఎక్కడినుంచి వస్తుందో చూస్తారు. నీటికి పేరు పెట్టేటప్పుడు అది ఎక్కడికి పోతుందో చూస్తారు. ఎందుకలాగ అంటే ఏం చెప్పను? గాలి ముఖానికి తగులుతుంది, కనక వచ్చిన చోటు ముఖ్యం. నీరు పడవను పట్టుకుపోతుంది, కనక పోయే చోటు ముఖ్యం. కాబట్టి ఉత్తరపు గాలి అంటే ఎడమచేతి నుంచి వచ్చేది, ఉత్తరపు నీరంటే ఎడమచేతి వైపు పోయేది. ఏడాది పొడుగునా దీనితో ఏ చిక్కూ లేదు. దక్షిణపు గాలి వీస్తున్న కాలంలో 'ఉత్తరపుది పట్టింది' అని ఎవడన్నా అంటే అది నీరే, ఇంకొకటి కావడానికి వీల్లేదు. గాలీ నీరూ రెండూ తిరిగిపోయాక అదే మాట అంటే అది గాలే. కానీ మధ్యలో కొన్నాళ్ళుంటాయి తల్లీ. కోడలు వచ్చేసింది, అత్తగారింకా దిగలేదు. గాలి ఉత్తరపుది, నీరూ ఉత్తరపుదే. ఒకే మాట, ఒకేసారి రెండూ నిజం, రెండూ పడవను చెరో పక్కకు లాగుతాయి. ఆ కొన్నాళ్ళే కాలం తిరిగే రోజులు. ఇవాళ్టి లాంటివి.

అలా చూడకు. నేను ముసలివాణ్ణి, ఏదో వాగుతుంటాను. వద్దంటావా, ఆపెయ్యనా? ... సరే, చెప్పమంటున్నావు కనక చెబుతున్నాను.

బావ తెల్లవారుతూనే వెళ్ళాడు, వల వేసుకుని. మీ అమ్మ అప్పుడు పాకే పిల్ల. గాలి రెండు రోజుల కిందటే తిరిగింది. రేవులో జెండాలన్నీ కుడిపక్కకు కొట్టుకుంటున్నాయి. పొద్దెక్కాక, పక్క రేవు పడవ ఒకటి రేవు నోటి ముందునుంచి పోతూ కనబడింది. దాన్లోకి నీరు ఎక్కుతోంది. ఇక్కడి నోటి దగ్గర అలలు లేచి ఉన్నాయి, లోపలికి రావడానికి ధైర్యం చాలక తన రేవుకే పరుగెత్తుతోంది. దాని మీద ఒకడు నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని మా వైపు అరిచాడు. రేవు చివర అక్క ఉంది, నేనున్నాను, పెద్ద పడవ నడిపే సరంగు ఉన్నాడు, ఇంకా పదిమంది ఉన్నారు. గాలి వాడి మాటలు ముక్కలుముక్కలు చేసి విసిరింది. బావ పడవకు ఒక పేరుండేది, ఆ పేరు వినబడింది. 'ఇంజను' అన్నది వినబడింది. ఆ తరవాత 'ఉత్తరపుది... పట్టేసింది'. అంతే. అక్క అరిచింది, ఏది, ఏది అని. ఆ అరుపును గాలి మా మీదికే తిప్పికొట్టింది. పడవ పోయింది.

నేను బడిలో పిల్లలకు విభక్తులు చెప్పేవాణ్ణి కదా. చేతన్, చేన్, తోడన్, తోన్; వలనన్, కంటెన్, పట్టి. పిల్లలు రాగం తీసి అప్పజెప్పేవారు, నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. అదంతా పద్యానికి అన్వయం కుదరడానికి అనుకున్నాను. ఒక విభక్తి ఊడిపోతే మనిషి ఏ దిక్కున ఉన్నాడో తెలియకుండా పోతుందని ఏ వ్యాకరణంలోనూ రాయలేదు. 'నుంచి' అని ఒక్క ముక్క, లేకపోతే 'వైపు' అని ఒక్క ముక్క. రెండిట్లో ఏదొకటి మా చెవిన పడి ఉంటే చాలు.

అలలకు తట్టుకుని బయటికి పోగలిగిన పడవ రేవులో ఒక్కటే ఉంది, సరంగుది. ఒక పక్కకు పోతే రెండో పక్క వదులుకోవాలి. సరంగు అక్క వైపు తిరిగాడు. 'అమ్మా, ఎటు పొమ్మంటావు? నీ మనిషి, నీ మాట' అన్నాడు. అక్కడ ఉన్నవాళ్ళు తలో మాట. గాలే అన్నవాళ్ళు ఎక్కువ. ఎందుకంటావా, కంటికి కనబడేది గాలే కదమ్మా. జెండా చూపిస్తోంది, అక్క కొంగు చూపిస్తోంది. నీటి మీద చిన్నచిన్న అలలు కూడా కుడిపక్కకే పరుగులు తీస్తున్నాయి, చూసినవాడెవడైనా నీళ్ళన్నీ అటే పోతున్నాయని ప్రమాణం చేస్తాడు. అది పైపైన గిన్నెల చప్పుడని ఎవరికి తోస్తుంది? అక్క తన కొంగు వైపు చూసుకుంది. అది కుడిపక్కకు చాచి ఉంది, వేలు పెట్టి చూపించినట్టు. 'అటే పొండి' అంది. నేనూ పడవ ఎక్కాను.

నీళ్ళు, నీళ్ళు, ఎటు చూసినా ఖాళీ నీళ్ళు. ఖాళీగా ఉన్న చోట కళ్ళకు అన్నీ కనబడతాయి తెలుసా, తల కనబడుతుంది, చెయ్యి కనబడుతుంది, దగ్గరికి పోతే నురగ. ఇంజను చప్పుడులో బావ పిలిచినట్టు వినబడేది. నాతోపాటు ఉన్నవాళ్ళకూ వినబడేదేమో, ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. చాలా దూరం పోయాక, ఒక చితికిన బుట్ట నీళ్ళలో తేలుతూ మాకు ఎదురొచ్చింది. చేపల బుట్ట, నిండా తడిసి మునిగి, అంచు మాత్రం పైన ఉంది. మామూలు బుట్టే. నేను దాన్ని చూస్తూ ఉన్నాను. గాలి వీపును తోస్తోంది, మేము గాలితో పోతున్నాం, అలలు మాతోపాటు పోతున్నాయి. ఆ బుట్ట ఒక్కటే అన్నిటికీ ఎదురుగా, తొందర లేకుండా, తెలిసిన దారిలో ఇంటికి పోతున్న మనిషిలాగా ఎడమచేతి వైపు పోతోంది. సరంగు వైపు చూశాను. అతనూ బుట్టనే చూస్తున్నాడు. చుక్కాని తిప్పాడు.

సరిగ్గా అదే వేళకు ఇక్కడ, ఇదిగో ఈ వంటింట్లో, అక్క ఏం చేస్తోందో తరవాత తెలిసింది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని గిన్నెలు తోమి సర్దుతోంది. అలవాటు తప్పిన చేతులు, ఉప్పు డబ్బా పై అరలో పెట్టింది. అత్తగారు చూశారు. ఆవిడ కొడుకు సముద్రంలో ఉన్నాడు, ఆవిడకు మాత్రం గుండె లేదా? కానీ నోరు తన పని తాను చేసుకుపోతుంది కదా. 'నువ్వొచ్చావని నా వంటిల్లు తిరగబడదే అమ్మాయి, ఉప్పు నేను పెట్టే చోటే ఉంటుంది' అన్నారట. అక్క చేతిలో గిన్నె కింద పడింది. పిల్లను ఆవిడ ఒళ్ళో పడేసి, రేవుకు పరుగు. దారి పొడుగునా 'అత్తగారు, అత్తగారు' అని అరుస్తూ. వీధిలో వాళ్ళు పాపం ముసలావిడ పోయిందనుకుని చేతిలో పనులు వదిలేసి ఈ ఇంటి మీదికి వచ్చారు. వస్తే ఆవిడ నిక్షేపంగా గుమ్మంలో మనవరాలిని ఎత్తుకుని నిలబడి ఉంది. 'నాకేం రోగం' అందట. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి. రేవు చివర అక్క మాత్రం నీటిని చూపిస్తూ అదే మాట అంటోంది. అత్తగారి పెత్తనమే ఇంకా. అత్తగారి పెత్తనమే. వినేవాడికి ఏం అర్థమవుతుంది? అర్థమైనా పంపడానికి పడవ ఏదీ?

వల నీళ్ళలో ఉన్నంతసేపు పడవ గాలి మాట వినదమ్మా. వల వేరులాగా పట్టుకుంటుంది, నీరు ఎటు తీసుకుపోతే అటు. బావ వల కోసుకోలేదు. కోసుకుంటే రేపు ఏం పెట్టి బతకాలి? మర్నాడు ఎడమచేతి పక్క, ఆ కొండకొమ్ము దాటాక ఇసుక మేట ఉంటుంది చూశావా, దాని మీద పడవ దొరికింది. వల అలాగే కట్టి ఉంది. తెడ్డు నిలబెట్టి దానికి తన చొక్కా కట్టాడు, దూరానికి కనబడాలని. చొక్కా ఉంది. మనిషి లేడు. ఇంతవరకూ లేడు.

అప్పటినుంచీ అక్క ఆ మాట అనలేదు. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టేది. వాడు మంచివాడు, 'అమ్మా, అది వచ్చిందమ్మా' అనేవాడు, ఏదో పాము వచ్చినట్టు. కాలం తిరిగే రోజులొస్తే మాత్రం ఇంట్లో ఉండేది కాదు. రేవు చివర నిలబడి, లోపలికి వచ్చే ప్రతి పడవనూ అడిగేది. గాలి ఏది, నీరేది? ఎవడైనా బద్ధకంగా 'ఉత్తరపుదే అమ్మా' అన్నాడో, అయిపోయాడే. 'నుంచా, వైపా?' వాడు చేపలు దించుకోవాలి, ఆకలి మీద ఉంటాడు. 'నుంచా, వైపా, సరిగ్గా చెప్పి కదులు.' మొదట విసుక్కున్నారు. కుర్రాళ్ళు ఆమె నడకను అనుకరించేవారు, కొంగు చాపి పట్టుకుని, నుంచా వైపా అంటూ. పేరు అలా వచ్చింది. కానీ చూస్తుండగానే ఏమైందంటే, ఆ వెటకారం చేసిన కుర్రాళ్ళే పెద్దవాళ్ళై పడవలు ఎక్కాక, నీళ్ళ మీద ఒకరికొకరు అరుచుకునేటప్పుడు ముక్క వదలకుండా చెప్పుకునేవారు. ఉత్తరం నుంచి గాలి. ఉత్తరం వైపు నీరు. ఆమె పోయిన నాడు పాడె మోసినవాళ్ళందరూ వాళ్ళే. ఈ కాలం పిల్లలు, ఏమో. ఇప్పుడు అందరూ తొందరలో ఉన్నారు.

తల్లీ, ఆ ఎడమపక్క కిటికీ తెర లోపలికి వస్తోంది. నువ్వూ చూశావు. పొద్దున్న అది గోడకు అతుక్కుని ఉంది, కుడిపక్క తెర ఎగురుతూ ఉంది. గాలి తిరిగింది. చూడనట్టు నటించాను, ఇందాకటినుంచీ. నీకు ధైర్యం చెబుదామని పిలిచి కూర్చోబెట్టుకుని, ఈ కథ ఎందుకెత్తుకున్నానో నాకే తెలియదు. నోటికి వేరే ఏదీ రాలేదు. మంచి మాటలు ఎన్ని చదువుకున్నాను జన్మంతా, ఒక్కటీ రాలేదు. నీ చెయ్యి ఇలా ఇవ్వు. ఎంత చల్లగా ఉంది.

అదిగో మోగుతోంది. అతనిది కాదా? రేవు ఆఫీసుదా? తియ్యి. తియ్యమ్మా. ... ఏమంటున్నాడు? ఇంజను ఆగిందా. ఆ. యంత్రాల తాడు ఇంకా నీళ్ళలోనే ఉందా. వైర్‌లెస్‌లో మాటలు మధ్యలో తెగిపోయాయా. ఆఖరికి ఏం వినబడిందట? ... ఆ మాటేనా? వెతకడానికి పడవ తియ్యబోతున్నారా, ఎటు? ఆగు, ఆగమను. పెట్టెయ్యనివ్వకు. అడుగు. అతను సరిగ్గా ఏమన్నాడో అడుగు. నుంచా, వైపా?

గట్టిగా అడుగు. తరవాతి ముక్క ఏమిటని అడుగు, గుర్తు చేసుకోమను. ... విన్నదేనా, వాడు ఊహించి చెబుతున్నాడా? ... వైపు అన్నాడా. రెండుసార్లు అన్నాడా. మీ ఆయనే, తన నోటితో? మీ అమ్మమ్మ మాటే కదా అని నవ్వాడా రేవువాడు? నవ్వితే నవ్వనీ.

అయితే ఎడమచేతికి పొమ్మను. జెండా చూడవద్దను. కొండకొమ్ము దాటి, ఇసుక మేట వైపు. ఇప్పుడే. ... చెప్పావా? ఫోను చెవి దగ్గరే ఉంచు. కిటికీ దగ్గరికే పో, ఇక నేను అడ్డు చెప్పను. నేనిక మాట్లాడను.